ఏటి మాయలో

నేనొక మైకుని. ముందే చెప్పేస్తున్నాను, నాకంటూ సొంత అభిప్రాయాలేవీ లేవు. అభిప్రాయాలున్నవాళ్ళంతా వరస కట్టి నా ముందుకే వచ్చారు కనక నాకా అవసరం పడలేదు.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో అయస్కాంతం పక్కన రాగితీగ చుట్ట పెట్టి, పైన ఉల్లిపొరంత పల్చటి పొర బిగించి, నెత్తిన ఇనప జల్లెడ తొడిగి నన్ను లోకం మీదకి వదిలారు. విశాఖపట్నంలో సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే ఒకాయన కొని ఎన్నికల ఆటో ఎక్కించాడు. పొద్దున ఒక పార్టీ, సాయంత్రం దాన్ని తిట్టే పార్టీ, గొంతు మాత్రం ఒకటే. ఆ తర్వాత పెళ్ళిమండపాలు తిరిగాను. "హలో హలో" అంటూ నా నెత్తిన మొట్టికాయ వెయ్యని మనిషి లేడు. మాట్లాడబోయే ముందు ఎదుటివాణ్ణి మొట్టడం వీళ్ళ మర్యాద కాబోలనుకుని ఊరుకునేదాన్ని.

అలా సొట్టలు పడ్డాక నన్ను జోయెల్ కొన్నాడు. కంచరపాలెంలో ఒక కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఊరు గుంటూరు. ఆదివారం పొద్దున చర్చిలో డ్రమ్స్ వాయిస్తాడు. అదే షాపులో కళ్ళు పరీక్షించే అమ్మాయి నీలవేణి. ఆమెది పలాస. టిన్ ఫెర్రీ అని ఒకప్పటి ఇంగ్లిష్ రాక్ బ్యాండు ఉండేదట. జులపాల జుట్టుతో గిటార్లు విరగ్గొట్టుకున్న ఆ మనుషులంటే వీళ్ళిద్దరికీ వెర్రి. నీలవేణికి అది తండ్రి అంటించిన వెర్రి. ఆయన జీడిపప్పు లారీ తోలుకుంటూ కలకత్తా వెళ్ళి, ఫుట్‌పాత్ మీద అట్ట బాగుందని ఆ క్యాసెట్టు కొన్నాడు. ఇంగ్లిష్ ముక్క రాకపోయినా దారంతా అదే వినేవాడు.

ఇద్దరూ కలిసి ఆ బ్యాండు మీద తెలుగులో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టారు. రాక్ అంటే రాయి కనక దానికి 'రాతిపాట' అని పేరు పెట్టారు. శ్రోతలు ఫోనులో మాట్లాడి పంపే అభిప్రాయాలకు 'రాళ్ళు' అని పేరు. వచ్చిన రాయి ముద్దొచ్చేదైనా, నెత్తి పగలగొట్టేదైనా దాచకుండా వినిపించాలని నియమం. ఆదివారం మధ్యాహ్నాలు జోయెల్ ఇంట్లో గోడలకు బొంతలు వేలాడదీసి, పక్కింటి కుక్కర్ కూత ఆగేదాకా ఆగి, నా ముందు కూర్చునేవాళ్ళు. బొంతల మధ్య ఉడికిపోతూ ఎప్పుడూ చూడని ఊళ్ళో ఎప్పుడో జరిగిన కచేరీ గురించి కొట్టుకునేవాళ్ళు. నీలవేణి నవ్వితే నా పొర అదిరిపోయేది. అంత సుఖం నాకు ఏ పెళ్ళిలోనూ దొరకలేదు.

ఒకవారం రాజమండ్రి నుంచి శశిభూషణ్ గారనే పెద్దమనిషి రాయి వచ్చింది. టిన్ ఫెర్రీ రికార్డులన్నీ ఆయన దగ్గరున్నాయట. జోయెల్ అలవాటుగా ఫోను నా దగ్గర పెట్టాడు.

"విషయం బాగుంది. కానీ ఆ అమ్మాయి 'ఏటి', 'ఎలిపోనాడు' అంటుంటే గిటార్ వాయించేవాడు గేదెల్ని తోలుకెళుతున్నట్టుంది. కాస్త శుభ్రమైన తెలుగు మాట్లాడమనండి."

నీలవేణి నవ్వేసింది. ఆ నవ్వు నా పొర దాకా రాలేదు. మరుసటి వారం ఇంకో ఇద్దరు ఆయన్నే సమర్థించారు. అప్పట్నుంచి ఆమె పుస్తకం చదువుతున్నట్టు మాట్లాడసాగింది. "తదుపరి గీతమును ఆలకిద్దాము" అన్న రోజున ఆ గీతానికే జాలేసి ఉంటుంది. మాటకి ముందు ఆగడం, తూచుకోవడం, నాలుక కరుచుకోవడం, అన్నీ నాకు వినిపించేవి. గేదెలన్నా గిటారన్నా నాకు ఒకటే వణుకు, ఈ మనిషికెందుకింత నరకం అని కోపం వచ్చేది.

"ఈ పాలితో మానెస్తానన్నా. మంచి తెలుగొచ్చినమ్మాయిని సూసుకో" అంది చివరికి.

"ఏందమ్మా ఇది? నువ్వు లేకపోతే నేనెవరితో మాట్లాడాల, ఈ బొంతల్తోనా?" అన్నాడు జోయెల్.

ఆమె వినలేదు. ఆఖరి భాగానికి తండ్రికి ఇష్టమైన పాట తీసుకుంది. ఇల్లు చేరాలని రాత్రంతా బండి నడిపేవాడి పాట. పల్లవి దగ్గర గాయకుడు "ఎయిటీ మైల్స్, ఓ" అని గొంతు చించుకుంటాడు, ఇంకా ఎనభై మైళ్ళుందని ఏడుపు. జోయెల్ అది వివరిస్తుంటే నీలవేణి ఉన్నట్టుండి కెవ్వుమంది.

"అయ్యబాబోయ్, ఎనభయ్యేటి! 'ఏటి మాయలో' కదేటి! మా నాన్నా నానూ ఇన్నేళ్ళూ అలాగే పాడినాం. దొరబాబు మన సికాకులం మాట నేర్సీసుకున్నాడని మా నాన్న లారీ ఆపి మరీ సెప్పీవోడు!"

ఏమి మాయరా బాబూ అని ఆ పాట ఏడుస్తోందని తండ్రీకూతుళ్ళు నమ్మేశారన్నమాట. ఆమె గొంతెత్తి అలాగే పాడింది. నవ్వు ఆగక నా మీద పడబోయింది. పాత నవ్వే, నా పొర చిరిగిపోతుందేమోనన్నంత నవ్వు.

మరుసటి ఆదివారం జోయెల్ ఆమెను బతిమాలి పిలిపించాడు. ఆ నవ్వూ పాటా కత్తిరించకుండా వదిలిన భాగానికి రాళ్ళు కుప్పలుగా వచ్చిపడ్డాయి మరి. సోంపేట నుంచి ఒకడు, చెన్నైలో ఇళ్ళు కట్టే ఇచ్ఛాపురం మేస్త్రీ, అందరూ "ఏటి మాయలో" అని పాడి పంపినవాళ్ళే. శశిభూషణ్ గారూ పంపారు.

"అది 'ఎయిటీ మైల్స్'. రికార్డు అట్ట మీదే ఉంది. కానీ నాకిప్పుడు ఎన్నిసార్లు విన్నా ఆ అమ్మాయి పాడినట్టే వినిపిస్తోంది. బంగారం లాంటి పాట పాడుచేశారు. వచ్చేవారం ఏది పాడుచేస్తారో చెప్పండి, వింటాను."

నీలవేణి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ కుప్పలో ఇంకొక రాయి మిగిలింది. ఒకావిడ, మెల్లగా, అక్షరం అక్షరం తీర్చినట్టు మాట్లాడింది.

"నేను హైదరాబాదులో తెలుగు టీచర్ని. మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. ఉద్యోగంలో చేరిన రోజు నా మాటకి క్లాసంతా నవ్వింది. ఆ రోజే మా మాట మానేశాను, ఇంట్లో కూడా." తర్వాత గొంతు మారింది. "ఇన్నాలకి నాను... మల్లీ మాటాడతన్నాను. తప్పులుంటే సెప్పు తల్లీ."

నీలవేణి నన్ను రెండు చేతులా పట్టుకుంది. ఇంతమంది పట్టుకున్నారు గానీ ఇలా ఎవరూ పట్టుకోలేదు.

"తప్పులేటమ్మా, నీ మాటలో తప్పులేటి? ఏదీ, మల్లీ ఒక్కపాలి సెప్పు" అంది.

ఫోనులో రికార్డయిన గొంతు జవాబివ్వదని ఆమెకు తెలియక కాదు. జోయెల్ ఫోను మళ్ళీ నా దగ్గరికి తెచ్చి, అదే రాయిని మొదటి నుంచి వేశాడు.