స్విచ్‌లో కట్టిన గోడ

గోరంట్ల దాటాక రాళ్ళ నేలలో కట్టిన ఆ ఇంజనీరింగ్ కాలేజీకి నీళ్ళు ట్యాంకర్‌లో వచ్చేవి, కరెంటు తనకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. భారతి అక్కడ కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంటు. నాలుగేళ్ళుగా టెంపరరీయే. ఆ ఏడు యూనివర్సిటీ నుంచి తనిఖీకి వస్తున్నారనగా కరస్పాండెంట్ బదరీనారాయణ ఆమెను పిలిపించాడు.

"ల్యాబ్‌లో కూర్చున్నోళ్ళకు ఆఫీసు కంప్యూటర్లు కనపడకూడదు. ఆ పని చేసినావంటే నిన్ను పర్మనెంట్ చేస్తా."

ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె వారం రోజులు పుస్తకాలు తిరగేసింది. కాలేజీ మొత్తానికి కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ ఒక్కటే, ఇరవై నాలుగు వైర్లూ అందులోని పోర్టుల్లోకే. ఆ పోర్టులను వీలాన్లు అనే గుంపులుగా విడగొడితే ఆ ఒక్క పెట్టే రెండు పెట్టెల్లా పనిచేస్తుంది, మధ్యలో గోడ కట్టినట్టే. తనిఖీ నాడు పొద్దున ఎనిమిది పోర్టులు ఆఫీసుకు, మిగతావి ల్యాబ్‌కు రాసింది. ల్యాబ్ నుంచి ఆఫీసు కంప్యూటర్‌కు, ఉన్నావా అని అడిగే పింగ్ కొట్టింది. జవాబు రాలేదు. జవాబు రానందుకు ఇంత సంబరపడే ఉద్యోగం ఇంకోటి ఉండదు!

ఇక సేవ్ చెయ్యమని ఒక్క వరుస టైపు చెయ్యాలి. చెయ్యకపోతే, కరెంటు పోగానే స్విచ్ అంతా మరిచిపోతుంది.

"మేడమ్, బిరీన రావాల!" అటెండరు మారెప్ప రొప్పుతూ వచ్చాడు. "కుంకుమ తట్ట పట్టుకునేకి ఆడమనిషి లేదంట. కార్లు గేటుకాడికి వచ్చేసినాయి."

"ఒక్క నిమిషం అన్నా."

"నిమిషం యాడుండాది మేడమ్? సార్ నన్ను తిడతాడు."

సేవ్ చెయ్యకుండానే లేచి వెళ్ళింది. ఎంత చదివినా ఆడదానికి తట్ట తప్పదు కదా! వచ్చినవాళ్ళలో ఆఖరాయనకు బొట్టు పెడుతుండగా వరండాలో ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది. స్విచ్‌ను కాపాడాల్సిన యూపీఎస్ బ్యాటరీలు చచ్చి ఏడాదైంది. జనరేటర్ మోత మొదలవగానే ఆమె ల్యాబ్‌వైపు కదిలింది.

"యాడికి పోతావు? కాఫీలు తీసుకురా," అన్నాడు బదరీనారాయణ.

కాఫీలతో ల్యాబ్‌లోకి వెళ్ళేసరికి, తనిఖీకి వచ్చినాయన ఒక విద్యార్థి కంప్యూటర్ ముందు కూర్చుని ఆఫీసు ఫైలు చదువుతున్నాడు.

"పరీక్ష వచ్చే వారం కదా, మార్కులు అప్పుడే వేసేసినారే?"

దాచమన్నది ఇదా అని భారతికి అప్పుడు తెలిసింది. బదరీనారాయణ అందరిముందూ ఆమెవైపు తిరిగాడు. "ఆడపిల్లోళ్ళ చేతికి ఇట్లాంటి పనులిస్తే ఇంతే!"

మధ్యలో పిలిచింది మీరే కదా సార్ అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది. ఆ మింగినందుకే తన మీద తనకు అసహ్యం వేసింది.

వాళ్ళు వెళ్ళాక మళ్ళీ అంతా టైపు చేసి, సేవ్ చేసి, స్విచ్ ప్లగ్గు పీకి పెట్టి చూసింది. గోడ నిలిచింది. చూసేవాళ్ళే లేరు.

మారెప్ప తలుపు దగ్గరికి వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"సార్ మిమ్మల్ని రేపట్నుంచి రావద్దన్నాడు మేడమ్. పోయే ముందర ఆ తట్ట యాడ పెట్టినారో చెప్పి పొమ్మన్నాడు. వెండిదంట."

"కడిగి బీరువాలో పెట్టినానన్నా," అంది భారతి.