నాలుగో గాలిమర

ఐర్లండ్‌లో, ఎన్నిస్ అనే ఊళ్లోని అద్దె ఇంట్లో, వంటగది బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని జీవన్ తన గాలిమరల కంపెనీ కోసం ఒక కొండంతా కొలిచేశాడు. కరోనా రోజులు. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటితే గార్డులు, అంటే అక్కడి పోలీసులు, ఆపుతారు. అందుకని ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసే ఏది ఇల్లో, ఏది కొట్టమో గుర్తులు పెట్టాడు. ఇంటికి ఐదు వందల మీటర్ల లోపు గాలిమర నిలపకూడదని కంపెనీ నియమం. రోడ్డు మలుపు పక్కన రేకుల కప్పు కనిపించింది, చుట్టూ గడ్డి. వాళ్ల ఊళ్లో అయితే అది గేదెల పాకే. ఇంకేం, కొట్టమని రాసేశాడు మహానుభావుడు.

ప్లాను కౌన్సిల్‌కి వెళ్లేది శుక్రవారం. గురువారం మధ్యాహ్నం అతని భార్య మార్తా డ్యూటీ నుంచి వచ్చింది. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి చూసుకునే కేరర్ ఆమె. స్నానం చేసి, టీ తెచ్చి, తెర ముందు ఆగిపోయింది.

"అది కొట్టం కాదండీ, బ్రైడీ గారి ఇల్లు. రోజూ పొద్దున్నే ఆవిడకి స్నానం చేయించేది నేనేగా."

జీవన్ తెర మీద దూరం కొలిచాడు. నాలుగో మర అక్కడికి మూడు వందల మీటర్లే. దాన్ని తీసేస్తే ప్లాను మళ్లీ గీయాలి, రేపటి గడువు దాటిపోతుంది. అతని వర్క్ పర్మిట్ పొడిగింపు కాగితం మేనేజరు చేతిలో ఉంది, ఆయన అసలే చిరాకు మనిషి. పోనీ చెబుదామంటే, ఎలా తెలిసిందని అడుగుతారు. పేషెంట్ల సంగతులు ఇంట్లో మాట్లాడిందని తెలిస్తే మార్తా ఉద్యోగం ఊడుతుంది. నోరు మూసుకుంటే ఇద్దరికీ హాయి. ఆ హాయి తల్చుకుంటేనే అతనికి చెమటలు పట్టాయి.

"మంచం దిగలేరు ఆవిడ," అంది మార్తా. "ఆ కిటికీ ఒక్కటే ఆవిడకి లోకం."

జీవన్ లేచి కారు తాళాలు తీసుకున్నాడు. తన కళ్లతో చూశానని చెప్పుకోవాలంటే చూడాలిగా.

ఊరి చివర గార్డు ఆపాడు. ఎక్కడికని అడిగితే పని మీదన్నాడు. గార్డు అద్దానికి అంటించిన మార్తా కేరర్ కార్డు చూసి, 'గ్రాండ్' అన్నాడు, అంటే సరే వెళ్లమని. జీవన్ సిగ్గుతో తల వంచుకుని కదిలాడు.

మలుపు దగ్గర రేకుల కప్పు మీద పొగ లేస్తోంది. ఫొటో తీయడానికి ఫోను ఎత్తాడు. కిటికీలో తెల్లజుట్టు కదిలింది. ఆ కారు వస్తే మార్తా వచ్చినట్టే ఆవిడకి. వణుకుతున్న చెయ్యెత్తి సంబరంగా ఊపింది. జీవన్‌కి ఏడుపొచ్చింది, తనూ ఊపాడు.

ఫొటో పంపి, నాలుగో మర తీసేయాలని రాశాడు. నిమిషంలో మేనేజరు జవాబు వచ్చింది. అక్కడ మనిషి ఉన్నట్టు ఎవరు చెప్పారట.

జీవన్ కిటికీ వైపు మళ్లీ చూశాడు. తర్వాత రాశాడు.

"ఆవిడ ఇప్పుడే నాకు చెయ్యి ఊపారు."