కెమెరాకి పెట్టిన జాకెట్టు ముక్క

ఉదయశ్రీ నిశ్చితార్థం వీడియో వాళ్ళింట్లో టీవీకి పెట్టి, లిడియా గోడకు ఆనుకుని నిలబడింది. మిగతా అందరూ టీవీ చూస్తున్నారు. లిడియా టీవీ చూసేవాళ్ళ మొహాలు చూస్తోంది. అన్నయ్య కరుణాకర్‌తో కలిసి మంగళగిరిలో ఫొటో స్టూడియో పెట్టిన దగ్గరనుంచీ ఆమెకది అలవాటు. మొహాలు చూస్తే చాలు, ఏ ముక్క ఉంచాలో, ఏ ముక్క కోసెయ్యాలో తెలిసిపోతుంది.

పెళ్ళికూతురి తండ్రి మార్కండేయులు మొహం మొదట బాగానే ఉంది. కూతురు నడిచి వస్తుంటే నవ్వాడు కూడా. ఆ పిల్ల కుర్చీలో కూర్చుని కుచ్చిళ్ళు సర్దుకునేసరికి ఆ నవ్వు కాస్తా పోయింది. లేచి టీవీ దగ్గరకు వెళ్ళి తెరమీద వేలు పెట్టాడు.

"ఇదేంటమ్మాయ్?"

ఉదయశ్రీ కట్టుకున్నది ఆయన మగ్గం మీద ఆయన నేసిన సన్నగళ్ళ చీరే. కానీ తెరమీద గళ్ళు గళ్ళలా లేవు. పిల్ల ఊపిరి తీసుకున్నప్పుడల్లా చీరమీద ఏవో అలలు పాకుతున్నాయి. తడిసిన రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే తేలే రంగుల్లాంటివి. ఆకుపచ్చగా, ఊదాగా కుచ్చిళ్ళ మీంచి భుజందాకా పోయి మళ్ళీ కిందికి దిగుతున్నాయి.

"కెమెరా పాతదైపోయింది బాబాయ్," అన్నాడు కరుణాకర్ తడుముకోకుండా. "కొత్తది కొంటున్నాం. పెళ్ళికి చూడండి, ఒక్కో పోగూ లెక్కపెట్టుకోవచ్చు."

వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య చెంచమ్మ అందుకుంది. "దర్శి నుంచి వియ్యపురాలు ఫోన్ చేసింది నిన్న. మీరు పంపిన వీడియో చూసిందంట. 'అదేంటొదినా, నేతోళ్ళింటి పిల్లకి మరమగ్గం చీర కట్టారా, అంత మెరుస్తోందీ' అంది. నవ్వుతానే అందిలే. ఈయనకి మాత్రం రాత్రి అన్నం సయించలా."

"చాల్లే, ఆపు," అన్నాడు మార్కండేయులు. తరవాత లిడియా వైపు తిరిగి, కోపమేమీ లేకుండానే అన్నాడు. "పెళ్ళిచీర కూడా నేనే నేస్తున్నానమ్మా. పడుగు సిద్ధమైంది. అది కూడా ఇట్టా కనబడేటట్టయితే నాకు ఫొటోలు చాలు, వీడియో వద్దు. మీరు వేరేగా అనుకోవద్దు."

వేరేగా ఎలా అనుకుంటుంది? ఈ ఊరు వచ్చిన కొత్తలో లిడియాకు నేతపేట సందులన్నీ తిప్పి చూపించింది ఉదయశ్రీ. నీ పెళ్ళి నేనే తీస్తానే అని లిడియా ఆమెకు ఎప్పుడో మాటిచ్చింది. పైగా పసుపు దంచడం నుంచి అప్పగింతల దాకా మొత్తం పెళ్ళి వీళ్ళ చేతికి రావడం ఇదే మొదటిసారి. అందులో వీడియో పోతే మిగిలేది సగం పెళ్ళి.

స్టూడియోకి రాగానే కరుణాకర్ ఫోన్ తీసి తాను ఎంచుకున్న కెమెరా చూపించాడు. "అరవై మెగాపిక్సెళ్ళు. సుభానీ దగ్గర ఉన్నది ఇదే. అందుకే వాడికి తెనాలి నుంచి కూడా బుకింగులు వస్తున్నాయి."

సుభానీ బస్టాండు దగ్గర స్టూడియో వాడు. కరుణాకర్‌కి స్నేహితుడే. కాకపోతే వాడు ఏది కొంటే వీడికి అది కావాలి.

లిడియా అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుని ఆ వీడియోనే ముందుకీ వెనక్కీ తిప్పుతోంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ మిరపకోతలకు పోతే చేను గట్టుమీద కూర్చుని, పండినకాయ ఏదో దోరకాయ ఏదో చూడటమే ఆమె ఆట. ఆ ఓపిక అలాగే ఉండిపోయింది.

"అన్నయ్యా, ఇది చూడు. బాగా దగ్గరకెళ్ళి తీసినప్పుడు గళ్ళు కదలట్లేదు. దూరంగా ఉన్నా పర్లేదు. మధ్యలో ఉన్నప్పుడే పాకుతున్నాయి. కెమెరా పాతదవడం ఒక్కటే కాదేమో."

"నీదంతా అనుమానం. యూట్యూబులో ఎన్ని రివ్యూలు చూశానో తెలుసా? చీర గురించి ఒక్కడూ చెప్పలా."

"వాళ్ళెవరూ చీరలు తీసుండరు."

కరుణాకర్ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

మర్నాడు లిడియా మార్కండేయులు ఇంటికి వెళ్ళింది. ఆయన గుంట మగ్గంలో కాళ్ళు దింపుకుని కూర్చుని పోగులు సరిచూసుకుంటున్నాడు. పండుమిరప ఎరుపు పడుగు, అందులో పసుపు గీతలు. ఇక అడ్డంగా పేక పడితే సజ్జగింజంత గళ్ళు వస్తాయి. నిశ్చితార్థం చీర గళ్ళకంటే ఇవి ఇంకా సన్నం. చూడగానే లిడియాకు భయం వేసింది.

"బాబాయ్, కెమెరా కొనేముందు ఈ చీర మీద పరీక్ష చేసుకుంటే బాగుంటుంది. నేశాక ఒక్కరోజు గుంటూరు తీసుకెళ్ళి తెచ్చిస్తాను. మడత నలగనివ్వను."

మార్కండేయులు తల అడ్డంగా ఊపాడు. "పసుపు పెట్టకుండా పెళ్ళిచీర గడప దాటదమ్మా. అందులోనూ ఊరు దాటి, షాపులో పదిమంది చేతుల్లో పడి... ఊహూ."

లిడియా బతిమాలలేదు. మగ్గం పక్కన పీట వాల్చుకుని కూర్చుంది. ఆయన పేక పోగు చుట్టిన నాడె చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ కింద పెట్టాడు. ఆమె వైపు చూశాడు.

"చీరే కావాలా? అదే పడుగు, అదే పేక అయితే చాలదా?"

"చాలు బాబాయ్."

"అయితే కూర్చో. చీర మొదలెట్టకముందే మూరన్నర నేసి కోసిస్తా. పెళ్ళికి వచ్చినోళ్ళందరికీ పెడతాం, నీ కెమెరాకి కూడా ఒక జాకెట్టు ముక్క పెట్టినట్టు ఉంటది."

నాడె అటూ ఇటూ పరిగెత్తుతుంటే లిడియా కదలకుండా చూస్తూ కూర్చుంది. ఎర్ర పడుగు మీద పసుపు పోగు పడ్డప్పుడల్లా ఒక వరస గళ్ళు పుడుతున్నాయి. పొద్దు ఎక్కేసరికి ముక్క తయారైంది. చెంచమ్మ దాన్ని పళ్ళెంలో పెట్టి, పక్కన రెండు అరటిపళ్ళు పెట్టి, అలవాటుగా కుంకుమ భరిణె అందుకుని ఆగిపోయింది.

"మీరు చర్చికి పోయేవాళ్ళు కదా. నీకు బొట్టు పెట్టొచ్చో లేదో!"

"పళ్ళు పెట్టండి పిన్నీ. పళ్ళకి ఏ అభ్యంతరమూ లేదు."

చెంచమ్మ పకపకా నవ్వింది. "జాగ్రత్త తల్లీ, నువ్వు కూడా దీన్ని ఇంకెవరికన్నా పెట్టేవు. జాకెట్టు ముక్కల్ని కుట్టించుకునేవాళ్ళు తక్కువ, తిప్పేవాళ్ళు ఎక్కువ. పోయినేడు నేను పెట్టిన ముక్క మొన్న శ్రావణమాసంలో నాకే తిరిగొచ్చింది."

గుంటూరు బస్సులో కరుణాకర్ హుషారుగా ఉన్నాడు. కెమెరా బొమ్మ పెట్టి, 'ఈరోజే వస్తోంది' అని ఫోనులో స్టేటస్ కూడా పెట్టేశాడు. లిడియా ఒళ్ళో సంచి పెట్టుకుని కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చుంది.

బ్రాడీపేటలో ఆ షాపు వాళ్ళకు తెలిసినదే. అమ్మేచోట ఉండే ప్రసన్నకుమార్ మర్యాదస్తుడు. అరవై మెగాపిక్సెళ్ళది తీసి, మెత్తటి గుడ్డమీద పెట్టి, పసిబిడ్డను చూపించినట్టు చూపించాడు. కరుణాకర్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ కింద పెట్టే ఆలోచన ఉన్నట్టు లేదు.

"ఒక్క నిమిషమండీ," అంటూ లిడియా సంచిలోంచి ఎర్ర గుడ్డ తీసింది. "దీన్ని వీడియో తీసి, ఆ గోడమీది పెద్ద టీవీలో చూడాలి."

"మేడమ్, పక్కది బట్టల షాపు," అన్నాడు ప్రసన్నకుమార్ నవ్వుతూ.

"మా చెల్లెలు అంతేనండీ. కూరగాయల బండి దగ్గర వంకాయ కూడా ఎండలోకి తీసుకెళ్ళి చూస్తది," అన్నాడు కరుణాకర్. వాడికి మొహం చెల్లట్లేదు.

బిల్లులు రాసే ఫర్హానా అప్పటికే కుర్చీలోంచి లేచింది. "ఇటివ్వండక్కా, నేను వేసుకుంటా. నా నిఖా వీడియోలో కూడా దుపట్టా మీద ఏవో పాములు పాకినట్టు ఉంటాయి. ఎందుకో ఎవరూ చెప్పలేదు." అంటూ గుడ్డను పైటలా భుజంమీద వేసుకుని తలుపు దగ్గరనుంచి ఠీవిగా నడిచొచ్చింది. షాపులో ఉన్నవాళ్ళంతా చేస్తున్న పని ఆపి ఆమె వైపే చూశారు.

లిడియా దగ్గరగా, దూరంగా, మధ్యలో నిలబడి తీసింది. టీవీకి పెట్టారు.

ఫర్హానా మొహం అద్దంలా ఉంది. ముక్కుపుడక మెరుపు కూడా తెలుస్తోంది. కానీ ఆమె తలుపుకీ బల్లకీ మధ్యకి వచ్చేసరికి భుజంమీది ఎర్ర గుడ్డ బతికినట్టుగా కదిలింది. అవే అలలు. ఆకుపచ్చ, ఊదా.

"అదిగో, పాములు!" అంది ఫర్హానా చేతులు తట్టి.

ప్రసన్నకుమార్ ఏవో సెట్టింగులు మార్చాడు. మళ్ళీ తీశారు. అలలు కాస్త తగ్గాయి, పోలేదు. కరుణాకర్ మొహం చూడటానికి లిడియాకు మనసొప్పలేదు. అద్దాల బీరువాలో కింది అరలో ఉన్న ఇంకో కెమెరా చూపించింది. దానికి మెగాపిక్సెళ్ళు ఇందులో సగం కూడా లేవు.

"అదీ ఒకసారి చూద్దామండీ."

ఫర్హానా మళ్ళీ నడిచింది. ఈసారి ఇంకాస్త ఒయ్యారంగా. టీవీలో ఎర్ర గుడ్డ ఎర్ర గుడ్డలాగే ఉంది. పసుపు గళ్ళు ఎక్కడివక్కడ నిలబడ్డాయి. ఒక్కచోట మాత్రం చిన్న వణుకు కనబడింది. అక్కడ లిడియా అరడుగు ముందుకు జరిగి తీస్తే అదీ పోయింది.

ప్రసన్నకుమార్ టీవీ దగ్గరకెళ్ళి పరీక్షగా చూసి తల పంకించాడు. "ఇప్పుడు అర్థమైంది మేడమ్. ఆ పెద్దది ఫొటోకి రాజే. వీడియోకొచ్చేసరికి ఉన్న పిక్సెల్ చుక్కలన్నీ వాడుకోదు, మధ్యమధ్యలో కొన్ని వదిలేస్తుంది. ఈ చిన్నది ఒక్కటీ వదలకుండా అన్నీ వాడుతుంది."

"పోగులు వదిలేసి నేసినట్టన్నమాట," అంది లిడియా.

"అంతే అంతే. నాకూ ఈ మాట బాగుంది, రేపటినుంచి ఇదే చెప్తా."

కరుణాకర్ ఇంకా పెద్ద కెమెరా పట్టుకునే ఉన్నాడు. "స్టేటస్ పెట్టేశానే," అన్నాడు మెల్లగా.

"తీసెయ్."

"సుభానీగాడు చూసేశాడు. ఇంక ఊరంతా చూసినట్టే. తక్కువది కొన్నానని వాడు ఏడాది పొడుగునా దెప్పుతాడు."

లిడియా ఫర్హానా భుజంమీంచి గుడ్డ తీసుకుని మడత పెడుతూ అంది. "పెద్దది కొంటే సుభానీకి చూపించుకోవచ్చు అన్నయ్యా. బాబాయ్‌కి మాత్రం చూపించలేం."

కరుణాకర్ కాసేపు కెమెరా వైపు, కాసేపు చెల్లెలి చేతిలో గుడ్డ వైపు చూశాడు. గట్టిగా ఊపిరి వదిలి పెద్ద కెమెరాను దాని మెత్తటి గుడ్డమీద పెట్టేశాడు. "నువ్వు మాట్లాడవు మాట్లాడవు, మాట్లాడితే ఇట్టా ఉంటది," అని గొణిగాడు. కానీ చిన్న కెమెరాతో పాటు మంచి లెన్సు కూడా వస్తుందని ప్రసన్నకుమార్ చెప్పేసరికి, బస్సు ఎక్కేలోపే మళ్ళీ హుషారుగా అయిపోయాడు. స్టేటస్ తీసెయ్యలేదు. బొమ్మ మార్చాడంతే.

మార్కండేయులుకి మాత్రం ఏమీ చెప్పలేదు. చెప్తే నమ్మడు, చూస్తే నమ్ముతాడు.

పెళ్ళి బాగా జరిగింది. ముహూర్తం వేళ పండుమిరప రంగు చీరలో ఉదయశ్రీ తలంబ్రాలు పోస్తుంటే, ఆ వణుకు ఎక్కడ వస్తుందో తెలిసిన లిడియా ఆ చోట నిలబడకుండా, అరడుగు ముందుకో వెనక్కో జరుగుతూ తీసింది. దర్శి నుంచి వచ్చిన మగపెళ్ళివారి పెద్దావిడ ఒకామె, "ఈ పిల్లేంటి, నేలమీద ఏదో పోగొట్టుకున్నట్టు అట్టా అడుగులేస్తోంది?" అని కూడా అంది.

పదహారు రోజుల పండగ అయ్యాక వీడియో తీసుకుని అన్నాచెల్లెళ్ళిద్దరూ నేతపేటకి వెళ్ళారు. టీవీకి పెట్టి లిడియా ఎప్పటిలాగే గోడకు ఆనుకుంది. చూపు మార్కండేయులు మొహం మీదే ఉంది.

కూతురు పీటలమీదికి వచ్చింది. ఆయన నవ్వలేదు. ముందుకు వంగాడు. కూతురు తలంబ్రాలు ఎత్తింది. చీర కదిలింది. గళ్ళు చీరతో పాటే కదిలాయి, చీరతో పాటే ఆగాయి. ఆయన భుజాలు దిగాయి. 

అంతలో ఆయన చటుక్కున లేచాడు. "ఆపు. కొంచెం వెనక్కి తిప్పు. ఆఁ, అక్కడ." టీవీ దగ్గరకెళ్ళి తెరమీద వేలు పెట్టాడు. 

"చూడమ్మాయ్, ఇక్కడ. పైట అంచు పక్కన."

లిడియా దగ్గరకెళ్ళి చూసింది. పసుపు గడిలో నలుసంత ముడి.

"పేక తెగితే అతుకేశా. చీకటి పడేవేళ, కంటికి సరిగా ఆనలా. మా ఇంటిదానికి కూడా కనబడలా ఇది. కట్టుకున్న పిల్లకే తెలీదు." ఆయన గొంతులో సిగ్గో సంతోషమో తేలడం లేదు.

"చెప్పాగా బాబాయ్, ఒక్కో పోగూ లెక్కపెట్టుకోవచ్చని," అన్నాడు కరుణాకర్.

"ఆ ముక్క కోసెయ్యనా బాబాయ్?" అడిగింది లిడియా.

"కొయ్యడమెందుకు? ఉంచు." మార్కండేయులు వెనక్కి వచ్చి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఇప్పుడు నవ్వాడు. "దర్శికి ముందు ఆ ముక్కే పంపు. చేత్తో వేసిన ముడి చూస్తే మా వియ్యపురాలికి ఇంక ఫోన్ చేసే పనుండదు."

చెంచమ్మ కాఫీలు తెచ్చి బల్లమీద పెడుతూ, తెరిచి ఉన్న కెమెరా సంచిలోకి తొంగిచూసింది. కొత్త కెమెరా చుట్టూ ఎర్ర సన్నగళ్ళ గుడ్డ నీటుగా చుట్టి ఉంది.

"ఓసినీ! నా చేతిమీదుగా ఎన్ని జాకెట్టు ముక్కలు పోయాయో," అంది. "తిప్పకుండా వాడుకున్నది నీ కెమెరా ఒక్కటేనే."