అరువు కోటు

డైరెక్టరమ్మ నేను కుట్టిన కోటును గోడ మీది బొమ్మ పక్కన పట్టుకుని ఒకసారి బొమ్మను, ఒకసారి నన్ను చూసింది. ఆ చూపు నాకు ఏడో తరగతి నుంచి తెలుసు. ఆ ఏడే బడి మానేశాను.

ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఈ చిన్న మ్యూజియంలో దర్జీగా నా ఆర్నెల్ల కాంట్రాక్టు ఈ శుక్రవారంతో సరి. కోటు ఆమెకు నచ్చితే పర్మనెంటు. లేకపోతే వీసా కూడా పోతుంది. బొమ్మ మూడువందల ఏళ్ల కిందటి బరోక్ కాలం నాటిది. నల్ల సుద్దతో గీసిన ఒక దొర, లేసు కాలరు, బారుగా గుండీలున్న పట్టు కోటు. అచ్చం అలాంటిదే కుట్టమన్నారు. ఇంకో గంటలో ప్రదర్శన మొదలు.

"బాబాయ్, చేతులు పొట్టిగా ఉన్నాయంటున్నారు," అంది భానుప్రియ. ఇక్కడే చదువుకుంటూ మ్యూజియంలో పనిచేసే గుంటూరు పిల్ల. నాకు రాని జర్మన్‌కు నోరు ఆమే. "బొమ్మలో వేళ్ల దాకా వచ్చాయి కదా. ఎందుకు మార్చారు?"

"బొమ్మలోని మనిషి ఒంటికి సరిపోయేట్టు కుట్టాను. లూజు కోటు నా చేత్తో కుట్టను."

"పొగరు తర్వాత చూపిద్దురు గాని. ఈవిడ ఇంటికి పంపేట్టుంది."

నేను బొమ్మలోని దొర వైపు వేలు చూపించాను. "అసలది వాడి కోటే కాదని చెప్పు."

చెప్పింది. డైరెక్టరమ్మ ముఖం బిగుసుకుంది. గోడ మీది కార్డులో 'గొప్పింటి ప్రభువు' అని రాసింది ఆమే మరి.

"బొమ్మలో భుజం కుట్టు చూడమను. రెండంగుళాలు కిందికి జారింది. మా తెనాలి ఫోటో స్టూడియోలో మేకుకు ఒకే కోటు వేలాడేది. ఎవడొచ్చినా అదే తొడిగి, వీపున గుడ్డ పోగేసి గుండుసూదులు పెట్టేవాళ్లు. నా పాస్‌పోర్టు ఫోటో అందులోదే. చంక కింద ముడతలు ఇలాగే వెనక్కి లాక్కుపోతాయి."

ఆమె భూతద్దం తీసి చంక దగ్గర పెట్టింది. ఎంతకీ తల ఎత్తదు. భానుప్రియ గోళ్లు కొరుక్కుంటోంది.

చివరికి డైరెక్టరమ్మ ఏదో అంది.

"నిజమేనంట. సోమవారం ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఇచ్చారు బాబాయ్, పర్మనెంటుకి. ఫోటో కావాలట. ఎవరి కోటేసుకుంటారు?"

నేను నవ్వలేదు. చేతుల లోపల మడిచి దాచిన గుడ్డ విప్పి, బొమ్మలో ఉన్నంత పొడుగు చేశాను. మడత దాచకుండా మా దర్జీ ఎవడూ కుట్టడు. ఈలోపు ఆమె పాత కార్డు పీకి కొత్తది పెట్టింది: 'పేరు తెలియని మనిషి, అరువు కోటులో.'

ఆ కోటు ఎవరిదని మూడువందల ఏళ్లు వాణ్ణెవరూ అడగలేదు. పాస్‌పోర్టు ఫోటో చూసి నన్నూ ఎయిర్‌పోర్టులో ఎవరూ అడగలేదు.

తలుపులు తెరిచారు. సూట్లేసుకున్నవాళ్లు కార్డు చదివి, వాణ్ణి చూసి నవ్వుకుంటున్నారు. నేను అటు వీపు తిప్పి, కింద పడ్డ గుండుసూదులు ఏరుకున్నాను.