సాధన గదిలో కుర్చీ

సాయంత్రం నాలుగయ్యేసరికి కండక్టరు ముందుగది ఖాళీ చేసి వంటింట్లోకి వెళ్లిపోవాలి. ముప్పై ఏళ్లుగా ఆ ఇంటి పద్ధతి అది. ఆయన భార్య వాయించేది థెరెమిన్. ముట్టుకోకుండా వాయించే వాద్యం. నిలబెట్టిన కడ్డీకి కుడిచెయ్యి దగ్గరయ్యేకొద్దీ స్వరం పైకి పోతుంది, పక్కనున్న వలయానికి ఎడమచెయ్యి దగ్గరయ్యేకొద్దీ చప్పుడు తగ్గుతుంది. చేతులే కాదు, గదిలో ఎవరు మసిలినా శ్రుతి చెడుతుంది. బస్సులో ఆ చివర్నించి ఈ చివరకి తిరుగుతూ ఉద్యోగం చేసిన మనిషికి కుదురెక్కడిది? పెళ్లైన కొత్తలో ఆవిడ గదిలో ఓ కుర్చీ వేసి చూసింది. ఆయన కాలాడించాడు. కుర్చీ వంటింట్లోకి వచ్చేసింది, దాంతోపాటు ఆయనా.

ఆవిడ పోయి ఏడాదిన్నర. సాధన మాత్రం మానలేదు. నాలుగింటికి వాద్యం మోగడం మొదలుపెడుతుంది, అయిదింటికి ఆగుతుంది. పై వాటా ఆవిడ అయిదు దాటాకే మిక్సీ వేసుకుంటుంది. కండక్టరు వంటింట్లో బియ్యం ఏరుతూ వింటాడు. ఆ బియ్యంలో ఒక్క రాయీ ఉండదు, అయినా ఏరుతాడు.

ఓ రోజు ఉండబట్టలేకపోయాడు. ఆవిడ అక్కడే చెయ్యెత్తి నిలబడి ఉంటుంది కదా, ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకుంటే చాలనుకుని గదిలోకి దూసుకెళ్లాడు. గాల్లో తడుముకుంటూ పోయి వాద్యం మీద పడ్డాడు. కడ్డీ మొదలంటా విరిగింది. వలయం నలిగిపోయింది. ఆ రోజు నుంచి ఇల్లు మూగబోయింది.

విరిగిన ముక్కల్ని తువ్వాల్లో చుట్టుకుని గొట్టాలమ్మాయి దగ్గరికి పోయాడు. నలభై దాటినా ఊరందరికీ ఆవిడ గొట్టాలమ్మాయే. ఫ్రిజ్జులకీ కుర్చీలకీ రాగి, ఇత్తడి గొట్టాలు వంచి ఇవ్వడం ఆవిడ పని.

"అతికితే లాభం లేదు బాబాయ్ గారూ. అతుకు దగ్గర పిన్నిగారికి స్వరం దొరకదు. రెండూ కొత్తవి చేస్తాను" అంది.

"అచ్చం ఇలాగే రావాలమ్మా. తేడా వస్తే..."

"ఏమవుతుంది?"

"మన ఇల్లు కాదనుకుని వెళ్లిపోతుందేమో."

గొట్టాలమ్మాయి వారం రోజులు వేరే పని ముట్టలేదు. కడ్డీ ఒక పూటలో అయిపోయింది. వలయమే ప్రాణం తీసింది. ఉత్త గొట్టాన్ని వంచితే వంపు దగ్గర నొక్కుకుపోతుంది. అందుకని ముందు గొట్టాన్ని కాల్చి మెత్తబరిచింది. ఇసకని జల్లెడ పట్టి, చెమ్మ లేకుండా పెనం మీద వేయించి, గొట్టంలో కూరి, రెండు చివర్లా బిరడాలు బిగించి, చెక్క దిమ్మ చుట్టూ కొంచెం కొంచెంగా వంచింది. మొదటిది చీలింది. రెండోది పాతదానికంటే వేలెడు పెద్దదయింది. మూడోది కుదిరింది.

బిగించడానికి తనే వచ్చింది. కడ్డీ, వలయం పెట్టెకి తగిలించి, శ్రుతి సరిచేసే మర మీద చెయ్యి వేసి అడిగింది.

"మీరెక్కడ కూర్చుంటారు?"

"వంటింట్లో."

"అదేంటి? మిమ్మల్ని కూడా గదిలో ఉంచుకునే శ్రుతి చెయ్యొచ్చుగా. అయిదు నిమిషాల పని. కాకపోతే కదలకూడదు."

"అయిదు నిమిషాలా?" అన్నాడు కండక్టరు. ముప్పై ఏళ్లు గోడకి అవతలే గడిపాడు. పెళ్లైన కొత్తలో ఆవిడ కుర్చీ వేసిన రోజున కాలు కాస్త అదుపులో పెట్టుకుని ఉంటే! వంటింట్లోంచి కుర్చీ తెచ్చి గోడవార వేసుకుని కూర్చున్నాడు.

"వేలు కూడా కదపొద్దు బాబాయ్ గారూ. కన్నీళ్లొచ్చినా తుడుచుకోవద్దు. కొత్త కడ్డీ కదా, శ్రుతి చెడిందంటే పిన్నిగారు బెదిరిపోతారు." మరీ మరీ చెప్పి, శ్రుతి చేసి, తలుపు దగ్గరగా వేసి గొట్టాలమ్మాయి వంటింట్లోకి వెళ్లింది.

నాలుగయింది. ముందు వణుకుతూ ఒక స్వరం వచ్చింది. తర్వాత ఇంకొకటి. ఆవిడ చెయ్యి కొత్త కడ్డీతో పరిచయం చేసుకుంటోంది. కాసేపటికి పాట కుదురుకుంది. పై వాటాలో మిక్సీ టక్కున ఆగింది. గొట్టాలమ్మాయి తన పనికి తనే మురిసిపోయింది. ఒక్క స్వరమైనా బెసకలేదు. గదిలో ఇంకో మనిషి ఉన్నాడంటే ఎవరూ నమ్మరు.

నాలుగున్నర కాకుండానే స్వరం దిగడం మొదలైంది. దిగుతోందంటే చెయ్యి కడ్డీకి దూరమవుతోందన్నమాట. దిగి దిగి, బొంగురుపోయి, ఆగిపోయింది. గొట్టాలమ్మాయికి కంగారు పుట్టింది. అయినా అయిదు కొట్టేదాకా ఓపిక పట్టి అప్పుడు తలుపు తీసింది.

కండక్టరు కుర్చీలో అలాగే ఉన్నాడు. చేతులు మోకాళ్ల మీద బోర్లించి ఉన్నాయి. చెంపలు తడిసిపోయాయి.

"అయిపోయింది బాబాయ్ గారూ, ఇంక కదలొచ్చు."

"వచ్చిందమ్మా. వాయించడం ఆపేసి నా దగ్గరికొచ్చింది. ఇదిగో, ఈ చేతిమీద చెయ్యి వేసింది. చాలాసేపు ఉంచింది. నేను పట్టుకుంటానేమోనని చూసింది."

"పట్టుకున్నారా?"

ఆయన తన చేతికేసి చూసుకున్నాడు.

"నువ్వు కదలొద్దన్నావు కదా తల్లీ."

మర్నాడు వాద్యం మోగలేదు. ఆ మర్నాడూ మోగలేదు. తను చేసినదాంట్లో ఏదైనా లోపముందేమోనని గొట్టాలమ్మాయి మూడుసార్లు వచ్చి కొలిచింది. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆవిడ కొలుస్తున్నంతసేపూ కండక్టరు ఆ కుర్చీలో, అరచెయ్యి పైకి తెరిచి కూర్చునే ఉన్నాడు.