మేడ మీద మూల గది

ఫ్లోరెన్స్ ఊరికి పైన, ఫియెజోలే కొండ మీద ఉన్న ఆ విల్లాని వెతికి పట్టుకున్నది నమ్రత. చలికాలమంతా ఆఫీసు పని అయ్యాక ఆమెకి అదే పని. బస్సు ఎక్కడ ఆగుతుందో, అక్కడినుంచి గేటుకి ఎంత దూరం ఎక్కాలో, దగ్గర్లో కూరగాయల కొట్టు ఏ రోజు మూసేస్తారో కనుక్కుంది. ఓనర్ లుచీయాకి ఈమెయిల్ పెట్టి, తాము శనివారాలు మాంసం మానేస్తామని, ఇదివరకు మాంసం వండని గిన్నెలు రెండు కావాలని అడిగింది. కొత్తవి కొని పెడతానని లుచీయా జవాబిచ్చింది. మేడ మీద మూల గది కిటికీలోంచి పెద్ద చర్చి గుమ్మటం కనిపిస్తుందని రాసి, పొద్దున తీసిన ఫొటో కూడా పంపింది.

అమెరికాలో, అరోరాలో ఉండే రెండు కుటుంబాలు కలిసి వేసుకున్న ట్రిప్ అది. నమ్రత, ఆమె భర్త రఘు ఒకటి. భవిత, దివాకర్, వాళ్ల కూతురు హంసిక ఇంకొకటి. జూన్‌లో ముందు రోమ్, తర్వాత విల్లా. మూల గది నమ్రత వాళ్లదని మొదటి రోజే అనుకున్నారు.

రఘు పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా స్టాంప్ గడువు దాటిపోయింది. ఇక్కడ ఉండి ఉద్యోగం చేసుకోవడానికి అది అక్కర్లేదు. దేశం దాటితే తిరిగి రావడానికి కావాలి. రఘు దానికో ఉపాయం వేసుకున్నాడు. రోమ్‌లో అందరూ మ్యూజియం చూసే రోజు తను అక్కడి అమెరికన్ ఎంబసీకి వెళ్లి స్టాంపింగ్ చేయించుకుంటే, దానికోసం ఇండియా వెళ్లే పని తప్పుతుంది. అతని స్నేహితులు కొందరు ఇదివరకు మెక్సికోలో అలాగే చేయించుకున్నారు. ఇటలీ వీసాలు చేతికొచ్చాక లాయర్‌కి ఆ మాట చెప్పాడు. రూల్ మారిందని, ఇప్పుడు సొంత దేశంలోనే అడగమంటున్నారని లాయర్ అన్నాడు. హైదరాబాద్‌లో చూస్తే వీసా ఇంటర్వ్యూకి స్లాట్లు లేవు.

"ఇలా వెళ్తే అటే పోతాను, తిరిగి రానివ్వరు," అన్నాడు రఘు. "వదిలెయ్. వచ్చే ఏడాది చూద్దాం."

భర్త వెళ్లకపోతే భార్య వెళ్లదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అందరూ అలాగే అనుకున్నారు, నమ్రతతో సహా. ఆమె భవితకి ఫోన్ చేసి తాము రావట్లేదని చెప్పింది.

వారం తిరక్కుండా భవిత ఫోన్ చేసింది. "నువ్వు ఫీల్ కాకు నమ్రతా. మీ ప్లేస్‌లో రేణు వాళ్లు వస్తమంటున్నరు. ఆదివారం లంచ్‌కి రండి. బుకింగ్ నీ పేరు మీదుంది కదా, రేణు పేరుకి మార్చేద్దాం."

రేణు, ఆమె భర్త జగన్మోహన్ పోయిన ఏడాది పార్సిప్పనీ నుంచి అరోరాకి మారారు. వాళ్లకి గ్రీన్ కార్డులు వచ్చాయి కాబట్టి స్టాంప్ బెడద లేదు. అంతకుముందు భవిత చీర కొన్నా, హంసికకి జ్వరం వచ్చినా ముందు నమ్రతకే ఫోన్ చేసేది. ఇప్పుడు ఆ సంగతులు నమ్రతకి రేణు చెబుతోంది.

ఆదివారం భవిత ఇంట్లో విల్లా ఫొటోలు టీవీలో పెట్టారు. నమ్రత వాటిని ఇన్నాళ్లూ ఒక్కతే చూసింది. జగన్మోహన్ రాలేదు. రేణు సోఫా మధ్యలో కూర్చుని రిమోట్ పట్టుకుంది.

"ఈ మూల గది మాకండీ," అంది రేణు. "జగన్‌కి ఏసీ లేకపోతే నిద్ర పట్టదు. ఇందులో ఏసీ ఉందా నమ్రత గారూ?"

ఉంది.

"లేదండీ," అంది నమ్రత.

"పర్లేదు, ఫ్యాన్ పెట్టించుకుంటాం. మీరే ఆ లుచీయాకి ఓ మాట చెప్పండి, మీకు బాగా క్లోజ్ కదా. అలాగే ఆ కొత్త గిన్నెల గొడవ వద్దనండి. మేం రోజూ చికెన్ వండుకుంటాం."

"మా నమ్రత ట్రావెల్ ఏజెన్సీ పెట్టాల్సింది," అన్నాడు దివాకర్. "కస్టమర్స్ పోతరు, ఓనర్ ఇంట్ల కూసుంటది."

రఘు కూడా నవ్వాడు. నమ్రత అతని వైపు చూసింది. అతను ప్లేట్‌లోకి చూసుకున్నాడు.

హంసిక వచ్చి టీవీ ముందు నిలబడింది. "నమ్రత ఆంటీ, ఈ విండో దగ్గర నేను, రేణు ఆంటీ రీల్ చేస్తాం. మీకు సెండ్ చేస్తా, ఓకే?"

"ఓకే," అంది నమ్రత.

"ఇగ లాగిన్ చెయ్యి," అంది భవిత. "అన్నం తినే లోపల అయిపోతది."

నమ్రత ఫోన్ తీసింది. బుకింగ్ తెరిచింది. పేరు మార్చే చోట వేలు పెట్టి ఆగింది.

"నా స్టాంప్ ఉంది," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"నిరుడు మా తమ్ముడి పెళ్లికి గుంటూరు వెళ్లినప్పుడు చేయించుకున్నా. నాది నా ఉద్యోగం మీద వచ్చిన సొంత హెచ్ వన్ వీసా కదా. ఇటలీ వీసా కూడా ఉంది. నేను వస్తున్నా."

"ఒక్కదానివా?" అంది భవిత.

"మీరంతా ఉన్నారుగా."

దివాకర్ రఘు వైపు తిరిగాడు. "ఏం మామా, నాకు చెప్పనే లేదు?"

"ఇప్పుడే తెలిసింది," అన్నాడు రఘు.

రేణు రిమోట్ టీపాయ్ మీద పెట్టింది. "రండి, మంచిదేగా. మీరొక్కరే కాబట్టి కింద చిన్న గది ఉంది చూడండి, అది మీకు సరిపోతుంది."

"మూల గది నాదండీ."

"ఒక్కరికి అంత గది ఎందుకండీ?"

"నాది కాబట్టి."

"అక్కడికి పోయినంక చూసుకుందాం," అంది భవిత. "గది కోసం గొడవేంది?"

"ఇక్కడే చూసుకుందాం," అంది నమ్రత. "బుకింగ్ నా పేరు మీదే ఉంటుంది. రేణు గారికి కింది గది ఇష్టమైతే రావచ్చు. లేకపోతే లేదు."

రేణు భవిత వైపు చూసింది. భవిత గిన్నెల మూతలు తీస్తోంది. "మరి తినండి, చల్లారిపోతది," అంది. ఆ మాట నమ్రతతో అనలేదు.

"కిందే పడుకుంటాం లెండి," అంది రేణు.

భోజనాల దగ్గర రోమ్ గురించి మాట్లాడుకున్నారు. రేణు, భవిత ఒకే రంగు కుర్తాలు కొనుక్కుందామని అనుకున్నారు. నమ్రతని ఎవరూ ఏమీ అడగలేదు. మ్యూజియం టికెట్లు ముందే తీసుకోవాలని ఆమె చెబితే, దివాకర్ అవునన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు రఘు డ్రైవ్ చేశాడు.

"నా దగ్గర ఒక్క మాట అనలేదు," అన్నాడు.

"ముందే అనుకుని అన్నది కాదు."

"ఇటలీ చూడాలనేనా?"

"కాదు. ఆవిడ ఆ గదిలో పడుకోకూడదని."

రఘు సిగ్నల్ దగ్గర కారు ఆపాడు. పచ్చ లైటు పడినా వెంటనే కదల్లేదు. వెనక కారు హారన్ కొట్టింది.

"బుకింగ్ నీ పేరు మీదే కదా," అన్నాడు. "క్యాన్సిల్ చేసెయ్. క్యాన్సిల్ చేసినందుకు డబ్బులు కూడా తీసుకోరు. ఎవరూ వెళ్లరు. అంతటితో పోతుంది."

భవిత ఫోన్ చేసిన రోజు నుంచి నమ్రత అనుకుంటున్నదీ అదే. భర్త నోట విన్నప్పుడు అది ఎంత చిన్నబుద్ధి మాటో తెలిసింది. అయినా అతని మీద కోపం రాలేదు.

"చెయ్యను," అంది. "వెళ్తాను."

"నేను ఇక్కడ ఆఫీసుకి పోతుంటే, నువ్వు అక్కడ కిటికీలోంచి చూస్తుంటావు."

"నువ్వు వెళ్లగలిగి నేను వెళ్లలేకపోతే, నువ్వు ఆగేవాడివా?"

"ఆగేవాణ్ణి," అన్నాడు రఘు. కొంత దూరం పోయాక, "ఏమో," అన్నాడు.

ఇంటి వీధిలోకి తిరిగారు.

"ఎయిర్‌పోర్ట్‌కి నేను దించను," అన్నాడు. "దివాకర్ వాళ్ల కార్‌లో పో."

"అందులో రేణు వాళ్లు వెళ్తారు."

"అయితే ఊబర్ బుక్ చేసుకో."

గ్యారేజ్ తలుపు లేచింది. కారు లోపలికి వెళ్లి ఆగింది. ఇద్దరూ కాసేపు దిగలేదు.