కీచురాయి పలికే దాకా

చల్లటి ఇనుము.

తెల్లవారుజామున డెల్ఫా వెండి పొదిగిన ఇనుప కళ్లేన్ని కోటు లోపల, చంక కింద పెట్టుకుంది. ఏప్రిల్ వచ్చినా నెవాడా కొండల మీద మంచు కరగలేదు. ఇంత చలిలో ఇనుము గుర్రం నాలుకకు అతుక్కుంటుంది. లాగితే చర్మం ఊడి వస్తుంది. అందుకే ముందు తన ఒంటి వేడి — తర్వాతే గుర్రం నోరు.

ఇనుము వెచ్చబడుతోంది... నెమ్మదిగా.

ఈ పనిలో అన్నీ నెమ్మదే.

మొదటి రెండేళ్లు మధ్యలో కీలున్న మామూలు కళ్లెం. అది పిల్లగుర్రాలది. చేతిలో తప్పు జరిగినా నోటికి పెద్దగా దెబ్బ తగలదు. తర్వాత రెండేళ్లు నోట్లో ఏమీ ఉండదు, ముక్కు మీద పచ్చితోలు పట్టీ ఒక్కటే. ఆ తర్వాతే వెండి కళ్లెం. దాని మధ్యలో అంగిలి వైపు లేచిన చిన్న పారలాంటి రేకు, గట్టిగా లాగితే నోరు కోసేది. పార కింద రాగి చక్రం. గుర్రం నాలుకతో తిప్పితే అది కిర్రుమంటుంది. ఇక్కడి వాళ్లు దాన్ని కీచురాయి అంటారు. కీచురాయి పలుకుతుంటే గుర్రం నిమ్మళంగా ఉన్నట్టు.

వెండి కళ్లెం కూడా మొదటి ఏడాది మోయడానికే. లాగేదంతా దాని కింద, ముక్కు మీద కట్టిన సన్నటి తోలు పట్టీని.

బూడిద రంగు ఆడ గుర్రం ఓపల్ దాన్ని మోయడం మొదలుపెట్టి ఆరు నెలలు.

ఆరు నెలలు. ఏడాది కాదు.

డెల్ఫాకు ఆ లెక్క తెలుసు. తెలిసి తెలిసి సన్న పట్టీని విప్పి జేబులో పెట్టుకుంది. ఇవాళ దూడలకు వాతలు వేసే రోజు మరి.

పన్నెండేళ్లుగా ఆమె మంద అంచున నిలబడి పశువులు చెదరకుండా కాస్తోంది. మంద మధ్యకు వెళ్లి దూడల మీద తాడు విసిరేది వెండి కళ్లెం గుర్రాల వాళ్లే. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ దాటరు. నిన్న మేస్త్రీ రాయిస్ పిలిచి మరీ చెప్పాడు.

“ఉత్త వెండి కళ్లెంతో వస్తే లోపలికి రా అమ్మాయ్. తోలు పట్టీ కనబడిందో, అంచునే. మళ్లీ ఏడాది దాకా నా ప్రాణం తీయొద్దు.”

అమ్మాయ్! ఆమెకు నలభై ఆరు. గుర్రం తయారైందని మాత్రం చెప్పి వచ్చింది.

తాడు విసరాలి. ఈసారి విసిరి తీరాలి. పన్నెండేళ్ల కోరిక అది.

ఆరేళ్ల కిందట కూడా ఇలాగే అనుకుంది. అప్పటి గుర్రం క్లోవర్. ఇదే కళ్లెం. ఇదే తొందర. ఒక్క లాగుడుకే నాలుక తెగింది. గాయం మానింది... భయం మానలేదు. ఆ తర్వాత ఎవరు చెయ్యెత్తినా క్లోవర్ తల పైకి ఎగరేసేది. ఇక ఎవరూ దాన్ని ఎక్కలేదు. ఆ పాపం తనదేనని డెల్ఫాకు తెలుసు.

పొగ. సేజ్ పొదల ఘాటు. దూడల కోసం తల్లుల అరుపులు.

“వచ్చావా! వెండి మెరుస్తోందే!” రాయిస్ కాఫీ గ్లాసు ఎత్తాడు. “పో మరి. ఆ ఎర్ర దూడ నీదే.”

ఆమె ఓపల్ మీద లోపలికి వెళ్లింది. తాడు తల మీద తిరిగింది. దూడ పక్కకు మళ్లింది. ఆమె పగ్గాన్ని వేలితో తాకింది — తాకింది అంతే.

ఓపల్ మెడ కర్రలా బిగిసింది.

డెల్ఫా చెవులు రిక్కించింది. దూడల గోల, నిప్పుల చిటపట, మనుషుల కేకలు. వాటన్నిటి కింద వినిపించాల్సింది... వినిపించలేదు. ఓపల్ నాలుకను వెనక్కి దాచుకుంది. కీచురాయి ఆగిపోయింది.

ఎర్ర దూడ ఇంకా అక్కడే ఉంది. ఒక్క విసురు దూరంలో.

ఆమె తాడు చుట్టేసింది. దిగింది. అందరి ముందూ, మంద మధ్యలో. జేబులోంచి సన్న పట్టీ తీసి కట్టింది. చెంపలు సిగ్గుతో మండాయి. ముడి మాత్రం గట్టిగా పడింది.

“ఏంటమ్మాయ్, దూడను చూసి జడుసుకున్నావా?” రాయిస్ అరిచాడు. కంచె మీద కూర్చున్నవాళ్లు ఘొల్లుమన్నారు.

“గుర్రం ఇంకా తయారవ్వలేదు.”

“అయిందని నిన్న నువ్వేగా అన్నావ్!”

“నిన్న చెప్పింది నేను. ఇవాళ అది చెప్పింది.”

“అయితే ఏడాది దాకా అంచే. గుర్తుంది కదా?”

“నాకు గుర్తుంది, మీరే మర్చిపోకండి. వచ్చే ఏప్రిల్‌కి ఆ ఎర్ర దూడ చెల్లెల్ని నాకు అట్టిపెట్టండి.”

రాయిస్ టోపీ కిందికి లాక్కున్నాడు.

ఆ రోజంతా ఆమె అంచునే ఉంది. పదమూడో ఏడు. దుమ్ములో కాసేపు ఏడ్చింది, ఆ తర్వాత ఏడవలేదు. ఒక్క దూడనూ దాటిపోనివ్వలేదు.

మర్నాడు తెల్లవారుజామున... మళ్లీ చల్లటి ఇనుము.

మళ్లీ కోటు లోపల, చంక కింద. ఈసారి తోలు పట్టీ జేబులో లేదు, గుర్రం ముక్కు మీదే ఉంది.

ఇనుము వెచ్చబడింది. డెల్ఫా చెయ్యెత్తింది.

ఓపల్ కొంచెంసేపు ఆగి తల దించింది. తనంతట తానే నోరు తెరిచింది.

ఆమె కళ్లేన్ని లోపల పెట్టి, దాని దవడకు చెవి ఆనించి నిలబడింది.

కీచురాయి ఇంకా పలకలేదు...

ఆమె కదల్లేదు.